శరత్కాలపు ఇంటి పద్దు

తెలుగు పంచాంగంలో ఆశ్వయుజ, కార్తిక మాసాలు రెండూ కలిసి శరదృతువు అవుతాయి. ఇంగ్లీషు నెలల్లో అది స్థూలంగా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు చివరి వరకు సాగుతుంది. నైరుతి ఋతుపవనాలు వెనుదిరగడం, దసరా, దీపావళి వెంటవెంటనే రావడం, నిల్వ ఉన్న పాత ఉల్లి అయిపోయి కొత్త పంట ఇంకా పూర్తిగా సంతకు చేరకపోవడం, వానకు నానిన నేలమీద ఎండ తీవ్రత తగ్గి ఆకుకూరలు చల్లడానికి అనువైన రోజులు మొదలవడం, ఇవన్నీ ఈ రెండు నెలల్లోనే ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి. ఇంటికి వచ్చే ఆదాయం మాత్రం ఈ మార్పులేవీ పట్టనట్టు నెలకొక జీతంగానో రోజుకొక కూలిగానో వస్తూ ఉంటుంది. ఆదాయం నెలను బట్టి నడుస్తూ ఖర్చు ఋతువును బట్టి నడవడమే సంసారపు లెక్కల్లో మొదటి చిక్కు. పొదుపు మీద వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం ఏ ఖర్చు మానుకోవాలో చెప్పి ఊరుకుంటాయి గాని, ఏ ఖర్చు ఏ కాలంలో ఎదురవుతుందో, ఏ పని ఏ కాలంలో తేలికగా సాగుతుందో, ఆ పని ఇంట్లో ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో చెప్పవు. ఇల్లు నడిపేవారికి కావలసింది ఆ లెక్కే.

ఇంటి పద్దు అంటే వచ్చినదీ పోయినదీ రాసిపెట్టుకునే పుస్తకం. అందులోని ఖర్చులను మూడు రకాలుగా విడదీసి చూడటం మేలు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, కేబుల్, పాలచీటి వంటివి నెలనెలా దాదాపు ఒకే మొత్తంలో ఉండే స్థిరమైన ఖర్చులు. వెచ్చాలు, కూరగాయలు, కరెంటు, ప్రయాణాలు నెలను బట్టి హెచ్చుతగ్గులయ్యే ఖర్చులు. మూడో రకం ఋతువుతో వచ్చేవి, అంటే పండుగ బట్టలు, పిండివంటలు, ఆడపిల్లను, అల్లుణ్ణి పిలుచుకోవడం, బతుకమ్మకు, అట్లతద్దికి, కార్తిక పూజలకు అయ్యేవి. చాలా ఇళ్లలో మొదటి రెండు రకాలే పుస్తకంలోకి ఎక్కుతాయి. మూడో రకాన్ని అనుకోని ఖర్చుగా భావించి, అది ఎదురైనప్పుడు చేబదులు తీసుకోవడమో బంగారం కుదువ పెట్టడమో జరుగుతుంది. నిజానికి దసరా ఏ నెలలో వస్తుందో ఏడాది ముందే పంచాంగంలో ఉంటుంది గనుక అది అనుకోని ఖర్చు కానే కాదు. కిందటి ఏడు పండుగ రెండు నెలల్లో ఒక ఇంటికి మామూలు కంటే 18,000 రూపాయలు ఎక్కువ ఖర్చయిందనుకుంటే, దాన్ని పన్నెండుతో భాగించగా వచ్చే 1,500 రూపాయలను ప్రతినెలా పక్కన పెట్టడమే దానికి సరైన విరుగుడు. దేవుడికి ముడుపు కట్టి దాన్ని మరొక అవసరానికి ముట్టుకోని అలవాటు తెలుగు ఇళ్లకు పాతదే. అదే నియమాన్ని పండుగ ఖర్చుకూ వర్తింపజేయవచ్చు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఐదేళ్లు, అంటే అరవై నెలలు కట్టవలసిన పథకం గనుక దూరపు అవసరాలకు తగినది. నెలకు 100 రూపాయలతోనే దాన్ని మొదలుపెట్టవచ్చు. ఏడాదిలోపు ఖర్చుకు ప్రత్యేకంగా తెరిచిన పొదుపు ఖాతా సరిపోతుంది.

చీటీపాటను కూడా ఈ అవసరానికే వాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇరవైమంది నెలకు వెయ్యి చొప్పున ఇరవై నెలలు కట్టే చీటీలో ప్రతినెలా పాట జరుగుతుంది, ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకున్న సభ్యుడికి ఆ నెల సొమ్ము దక్కుతుంది, ఆ తగ్గింపులో నిర్వాహకుడి కమీషను పోను మిగిలింది సభ్యులందరికీ పంచుతారు. పాట ఎత్తినవారికి ఇది అప్పు, చివరిదాకా ఆగినవారికి ఇది పొదుపు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం నమోదు కాని చీటీలో చేరడం మాత్రం, నడిపేవారు ఎంత దగ్గరివారైనా, ప్రమాదమే.

పండుగ ముందు చేతికి వచ్చే మొత్తాలు కొన్ని ఉన్నాయి. కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి వంటి బొగ్గు పట్టణాల్లో సింగరేణి కార్మికులకు సంస్థ లాభాల్లో వాటా దసరా సమయంలోనే అందుతుంది, దీపావళికి బోనస్ వస్తుంది, దానికి తగ్గట్టే ఆ పట్టణాల బజార్లు ఆ వారాల్లో కళకళలాడతాయి. ఇలాంటి సొమ్ము చేతిలో పడకముందే దానికి పద్దు రాసిపెట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే దుకాణాలు, ఆన్‌లైన్ అంగళ్లు తమ భారీ తగ్గింపు అమ్మకాలను సరిగ్గా ఈ వారాలకే పెట్టుకుంటాయి. వడ్డీలేని వాయిదాల విషయంలో రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదనీ, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో మరో రూపంలోనో కొనుగోలుదారు మీదే వేస్తున్నారనీ దాని సారాంశం. ఇప్పుడు నో కాస్ట్ ఈఎంఐ పేరుతో నడుస్తున్న పద్ధతిలో వడ్డీ మొత్తాన్ని ముందుగా ధరలో తగ్గించి చూపుతారు గాని, ఆ వడ్డీ మీద పడే జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము కొన్నవారికే తగులుతాయి. ఒక వాయిదా తప్పితే క్రెడిట్ కార్డు మీద నెలకు మూడు శాతం పైచిలుకు వడ్డీ మొదలవుతుంది, ఏడాదికి లెక్కిస్తే అది నలభై శాతం దరిదాపులకు పోతుంది.

ధరలకూ ఋతువు ఉంది. దేశంలో పండే ఉల్లిలో అధికభాగం యాసంగి పంట, అది మార్చి నుంచి మే వరకు కోతకు వచ్చి నిల్వలో ఉండి అక్టోబరు దాకా ఆదుకుంటుంది. ఆ నిల్వలు తరిగి కొత్త పంట వచ్చేలోపు ధర ఎగబాకుతుంది. 2019లో ఇదే కాలంలో ధర అదుపు తప్పడంతో కేంద్రం సెప్టెంబరు 29న ఉల్లి ఎగుమతులను నిషేధించింది. కర్నూలు ప్రాంతపు వానాకాలం ఉల్లి ఆ మధ్యకాలంలోనే వస్తుంది గాని, తేమ ఎక్కువగా ఉండటం వల్ల ఎక్కువకాలం నిలవదు, కాబట్టి చవకగా దొరికిందని మూటలు కొని పెట్టుకోవడం నష్టం. కంది కొత్తపంట సంక్రాంతి దరిదాపుల్లో గాని రాదు గనుక శరత్కాలంలో కందిపప్పు ప్రియంగానే ఉంటుంది. తెలంగాణలో వానాకాలపు పెసర మాత్రం అప్పటికే ఇళ్లకు చేరి ఉంటుంది, అనంతపురం వైపు వేరుశెనగ అక్టోబరు, నవంబరు నెలల్లో చేలనుంచి వస్తుంది. వారానికి రెండు మూడు పూటలు కందిపప్పు బదులు పెసరపప్పు వండుకోవడం, పచ్చి వేరుశెనగ, చిలగడదుంప, సీతాఫలం దొరికే రోజుల్లో బిస్కెట్ ప్యాకెట్లు తగ్గించడం కాలానికి తగిన తిండి అవుతుంది, డబ్బూ మిగులుతుంది. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు రైతు నేరుగా అమ్ముకునేలా ఏర్పడినవి. ఏ కూర ఏ వారం దిగివస్తోందో తెలుసుకోవడానికి అక్కడి బోర్డు మీద రాసే ధరల పట్టికను మించిన ఆధారం సామాన్య గృహస్థుకు లేదు.

అయితే కూరగాయల ఖర్చు అసలు ఇంటి బడ్జెట్‌లో ఎంత? 2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు జరిగిన కేంద్ర గణాంక శాఖ గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, దేశంలో సగటు తలసరి నెలసరి ఖర్చు గ్రామాల్లో 4,122 రూపాయలు, నగరాల్లో 6,996 రూపాయలు. అందులో తిండికి అయ్యేది గ్రామాల్లో 47 శాతం, నగరాల్లో 40 శాతానికి కాస్త తక్కువ. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లో చెప్పిన సూత్రానికి ఈ తేడా సరిపోతుంది. ఇంటిని నడిపేవారు గమనించవలసిన విషయం దీని లోపల ఉంది. కూరగాయల వాటా గ్రామాల్లో ఆరు, నగరాల్లో నాలుగు శాతం దరిదాపుల్లో ఉండగా, పానీయాలు, చిరుతిళ్లు, బయట తయారైన ఆహారం కలిసిన పద్దు గ్రామాల్లో పది, నగరాల్లో పదకొండు శాతం దాకా ఉంది. తిండి ఖర్చులన్నిటిలో పెద్దది అదే. నలుగురున్న సగటు నగర కుటుంబానికి అన్వయిస్తే నెలకు కూరగాయలకు సుమారు 1,100 రూపాయలు, పానీయాలు, చిరుతిళ్లు, బయటి తిండికి కలిపి సుమారు 3,100 రూపాయలు అవుతాయి. కూరగాయల బేరంలో రెండు రూపాయలకు పట్టుబట్టి, వారానికి రెండుసార్లు ఫోనులో తిండి తెప్పించుకునే ఇంట్లో ఆదా ఎక్కడ జరగాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

పొదుపు అంటే ఇల్లాలి వంటింట్లో కోత పెట్టడమన్న అభిప్రాయాన్ని తెలుగునేల మీద నెల్లూరు జిల్లా స్త్రీలు ఎప్పుడో తిరగరాశారు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన చర్చలతో కదిలిన దూబగుంట మహిళలు 1992లో సారాకు వ్యతిరేకంగా లేచారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. సారా అంగడికి పోయే డబ్బు ఇంట్లో నిలవడంతో ఆ స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు, తరువాతి కాలంలో రాష్ట్రమంతటా విస్తరించిన మహిళా పొదుపు సంఘాలకు అవి పెద్ద ఊతమయ్యాయి. పిల్లల పాలు తగ్గించి దాచిన రూపాయి కాదది, ఇంటినుంచి వృథాగా పోతున్న పెద్ద ధారను ఆపడం వల్ల మిగిలిన రూపాయి. ఏ ఇంటి పద్దులోనైనా మొదట వెతకవలసింది అటువంటి ధారనే.

పెరటి తోట విషయానికి వస్తే, శీతల దేశాల్లో శరత్తు తోటను మూసిపెట్టే కాలం. ఆకులు రాలి, మంచు పడేలోపు దుంపలు తవ్వి, కుండీలు లోపలికి చేర్చుకుంటారు. తెలుగు ప్రాంతంలో ఆకు రాలే కాలం శిశిరం, శరత్తు విత్తే కాలం. నైరుతి వానలు తగ్గాక తెలంగాణలో చాలా చోట్ల ఆకాశం తేటపడుతుంది. కోస్తా దక్షిణ భాగంలో మాత్రం అక్టోబరు మూడో వారం నుంచి ఈశాన్య ఋతుపవనాలు మొదలై, నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి మించి అప్పుడే కురుస్తుంది. అందువల్ల హైదరాబాదులో దసరాకు చల్లే కొత్తిమీరను నెల్లూరులో అదే వారం చల్లితే కుళ్లిపోవచ్చు; అక్కడ ఎత్తైన మడి, అడుగున నీరుపోయే దారి తప్పనిసరి. బంగాళాఖాతపు తుపానులకు కూడా ఇదే కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు పెద్ద చెట్లే నిలవలేదు గనుక, కోస్తా పట్టణాల్లో మిద్దెతోట పెంచేవారు తుపాను హెచ్చరిక రాగానే పందిళ్లను సడలించి, తేలికపాటి కుండీలను గోడవారకు దించి పెట్టడం తోటపనిలో భాగంగానే భావించాలి.

నాలుగు నెలల వానకు కుండీల్లోని మట్టి గట్టిపడి, నత్రజని నీటితో కొట్టుకుపోయి ఉంటుంది. మొక్కకు ఆకును ఇచ్చే పోషకం నత్రజనే గనుక, విత్తేముందు మట్టిని గుల్లచేసి మూడోవంతు మాగిన కంపోస్టు, పిడికెడు వేపపిండి కలపడం ఈ కాలపు మొదటి పని. వంటింటి తొక్కల్లో నత్రజని, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. తడిచెత్త ఒక పాలుకు ఎండుటాకులు రెండు మూడు పాళ్లు వేసి అప్పుడప్పుడు తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది, దుర్వాసన వస్తే తడి ఎక్కువైందని గుర్తు. డాబా మీద తోట వేసేవారు బరువు లెక్క కూడా చూసుకోవాలి. మనుషులు తిరిగే డాబాను సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు మోసేలా కడతారు. అడుగు మందాన తడిమట్టి పరిస్తే అదే చదరపు మీటరు మీద 500 కిలోల దాకా పడుతుంది. మట్టిపాలు తగ్గించి కొబ్బరిపొట్టు, కంపోస్టు పెంచడం, కుండీలను దూలాల మీదుగా, గోడల వెంబడి పెట్టడం, నడిమధ్యను ఖాళీగా వదలడం ఇంటి భద్రతకు సంబంధించిన విషయాలు.

విత్తనాల కోసం వెంటనే ప్యాకెట్లు కొననవసరం లేదు. పోపులపెట్టెలోని మెంతులు, వేయించని ధనియాలు మరీ పాతవి కాకపోతే మొలకెత్తుతాయి. ధనియపు గింజలో రెండు బద్దలుంటాయి, ఒక్కొక్క బద్దనుంచి ఒక్కొక్క మొక్క వస్తుంది, కాబట్టి నేలమీద వేసి మెల్లగా నలిపి, విడదీసి, రాత్రంతా నానబెట్టి చల్లితే మొలక బాగుంటుంది. అది పైకి రావడానికి పది రోజుల దాకా పడుతుంది. తొందరపడి మడిని తిరగదోడినవారు పంటను పోగొట్టుకుంటారు. మెంతి నాలుగైదు రోజుల్లో, తోటకూర అంతకంటే కాస్త అటూఇటూగా మొలుస్తాయి. తోటకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. పుదీనా కాడ, బచ్చలి తీగముక్క, మొలకెత్తిన ఉల్లిగడ్డ, వెల్లుల్లి రెబ్బ గుచ్చితే చాలు, వాటికి విత్తనమే అక్కరలేదు. ఎండలో వేసిన కొత్తిమీర ఆకు పెట్టకముందే పూతకు పోతుంది, అందుకే వేసవిలో విఫలమైనవారు కూడా ఈ కాలంలో మళ్లీ ప్రయత్నించాలి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు నాటడానికీ ఇదే అదను. పండిన టమాటా గింజలు చల్లుకునేవారు ఒకటి తెలుసుకోవాలి, సంకరజాతి పండు గింజలనుంచి వచ్చే మొక్కలు తల్లిమొక్కలా కాయవు, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వస్తుంది. నాటురకాల గింజలను ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి నిలవచేయడం పల్లె స్త్రీల పాత విద్య. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ విద్యతోనే ఊరూరా చిరుధాన్యాల, పప్పుల విత్తన నిధులను నిలబెట్టాయి.

ఈ ఋతువు ప్రత్యేకతను అన్నిటికంటే బాగా చూపే మొక్క చిక్కుడు. జూన్, జూలైలో పెట్టిన పాదు దసరానాటికి పందిరంతా అల్లుకుని కూడా ఒక్క పూవైనా పూయదు. కార్తికం వచ్చేసరికి గెలలుగెలలుగా పూసి, సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ ఇరుగుపొరుగుకూ సరిపోయేంత కాస్తుంది. రథసప్తమినాడు చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టే ఆచారం ఆ కాపు కాలంతో ముడిపడినదే. దీనికి కారణం మొక్క ఆకుల్లో రాత్రి నిడివిని కొలిచే ఏర్పాటు ఉండటం. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానమై, ఆపైన రాత్రులు పెరుగుతాయి. చీకటి ఒక హద్దును దాటినప్పుడే పూతకు సంకేతం అందే ఇటువంటి మొక్కలను శాస్త్రం హ్రస్వదిన మొక్కలంటుంది. చామంతి కూడా ఈ జాతిదే, రాత్రి దీపాలు వెలిగించి దాని పూతను వాయిదా వేయడం పూల రైతులకు తెలిసిన పద్ధతి. కనుక వీధిదీపం వెలుగు తెల్లవార్లూ పడే మూలన చామంతి కుండీ పెట్టి, పూయడం లేదని ఎరువు కుమ్మరించడం వృథా. కుండీని చీకటి పడే చోటికి జరపడమే మందు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్కా జయ్, అర్కా విజయ్ అనే పొద చిక్కుడు రకాలకు ఈ చీకటి లెక్క లేదు, అవి ఏ కాలంలోనైనా కాస్తాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు చిక్కుడుతో పడే ఇబ్బందికి మూలం కూడా ఇదే. న్యూజెర్సీ వంటి చోట్ల మేలో పెట్టిన పాదుకు అక్కడి దీర్ఘమైన వేసవి పగళ్ల వల్ల సెప్టెంబరు దాకా పూత రాదు, వచ్చిన పూత కాయగా మారేలోపు అక్టోబరు, నవంబరుల్లో మంచు పడి తీగ మాడిపోతుంది. అక్కడివారు పగటి నిడివితో పనిలేని రకాలను వెతుక్కోవడం, రాత్రి చలి పది డిగ్రీలకు దిగకముందే కరివేపాకు కుండీని ఇంట్లోకి చేర్చి కిటికీ పక్కన పెట్టుకోవడం వారి శరత్కాలపు పనులు.

తోట వల్ల డబ్బు మిగులుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. వారానికి 40 రూపాయల ఆకుకూరలు కొనే ఇల్లు ఐదు నెలలపాటు వాటిని మిద్దెమీదే పండించుకుంటే 800 రూపాయల దాకా తగ్గుతాయి. సంచులు, కొబ్బరిపొట్టు, ఎరువు, పనిముట్లు అంగట్లో కొని మొదలుపెడితే మొదటి ఏడాది ఖర్చు దానిని సులభంగా దాటిపోతుంది. పెయింటు డబ్బాలు, పాత బకెట్లు, బియ్యం సంచులు వాడి, ఇంటి చెత్తతో ఎరువు చేసుకున్నవారికే తొలి ఏడు లెక్క సరిపోతుంది. ఉల్లి, బంగాళదుంప వంటివి చవకగా దొరికి ఎక్కువ చోటు తినేవి గనుక కుండీల్లో పెంచడం దండగ. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, మెంతి, పచ్చిమిర్చి వంటి చిటికెడు అవసరానికి కట్ట కొని సగం వాడబెట్టేవే లాభం. అంతకంటే పెద్ద లాభం పద్దులో పరోక్షంగా కనిపిస్తుంది. కోసుకోవడానికి మడిలో ఆకు ఉన్న ఇంట్లో సాయంత్రం వంట జరుగుతుంది, వంట జరిగిన ఇంట్లో బయటి తిండి తగ్గుతుంది. ముందు చెప్పిన 1,100 రూపాయల పద్దులో మిగిలేది కొద్దే, 3,100 రూపాయల పద్దులో మిగిలేది గణనీయం.

తక్కువ ఖర్చు వ్యాపకాలకూ ఇదే కొలత వర్తిస్తుంది. ముందు సామగ్రి కొని తరువాత మొదలుపెట్టేది పొదుపు వ్యాపకం కాదు. ఇంట్లో ఉన్నదానితో మొదలయ్యేదే పొదుపు. పాత నూలు చీరలను మూడు నాలుగు పొరలుగా పరిచి, చుట్టూ అంచు మడిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తూ కుట్టే బొంత అటువంటిది. శరత్తులో మొదలుపెట్టిన బొంత మార్గశిరపు చలికి అక్కరకొస్తుంది, అందుకే దాన్ని చలి ముంచుకొచ్చాక కాకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి. వీధిలో స్టీలు సామాన్లవాడికి పది చీరలిచ్చి ఒక గిన్నె తీసుకోవడం కంటే, మెత్తబడిన ఆ నూలును పిల్లల పక్కకు వాడుకోవడం ఎంతో మేలు. కార్తిక దీపాలకు వత్తులు చేసుకోవడం మరొకటి. పత్తి తీతలు మొదలయ్యే కాలం కూడా ఇదే. గింజ తీసిన దూదిని అరచేతిలో పేని, కార్తిక పౌర్ణమికి 365 వత్తుల కట్టలు కట్టుకోవడం పెద్దవారికి వేళ్లకు పనిగా, పదిమంది కూర్చుని మాట్లాడుకునే సందర్భంగా ఉంటూ వచ్చింది. ఉసిరికాయలు దిగివచ్చే రోజుల్లో ఊరగాయ పెట్టుకోవడాన్ని కూడా ఈ కోవలోనే చేర్చవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తీరిక పని అన్న పేరు చాటున చాలా శ్రమ లెక్కలోకి రాకుండా పోయింది. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో ఇళ్లలో కూర్చుని క్రోషియా సూదితో లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం, విదేశాలకు ఎగుమతయ్యే వస్తువును తయారుచేస్తున్నా వారిని కార్మికులుగా గాక తీరికవేళ ఏదో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లే అంత తక్కువ కూలి సాధ్యమైందని చూపింది. ఇంటి పొదుపు విషయంలోనూ ఇదే జరుగుతుంది. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. బయటి తిండి మాని ఇంట్లో వండాలన్నా, మిద్దెమీద మడి తడపాలన్నా, బొంత కుట్టాలన్నా ఆ అదనపు గంట ఎవరిదో తేల్చకుండా పొదుపు గురించి మాట్లాడటం అన్యాయం. కుండీలకు నీరు పోయడం, ఎరువు తిరగేయడం, రైతుబజారుకు వెళ్లడం, పద్దు రాయడం ఇంట్లోని పురుషులు, ఎదిగిన పిల్లలు పంచుకున్నప్పుడే అది కుటుంబపు పొదుపు. లేకపోతే డబ్బుకు బదులు ఒక మనిషి విశ్రాంతిని ఖర్చు చేసినట్టే.

తీరికను తీరికగానే గడపగలిగే వ్యాపకం ఒకటుంది, అది పుస్తకాలు చదవడం; దాని రుసుమును ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇల్లూ ఇప్పటికే చెల్లించింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిపి వసూలు చేస్తారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనాన్ని గ్రంథాలయాలుగా స్థాపించి నిలబెట్టిన వారి వారసులు తమ ఊరి శాఖా గ్రంథాలయానికి పన్ను కట్టి, పుస్తకం తెచ్చుకోకపోవడం అచ్చమైన దుబారా. పద్దు పుస్తకం తెరిచినప్పుడు ఇంటిపన్ను రసీదు కూడా పక్కన పెట్టుకుని అందులోని గ్రంథాలయ పన్నును పాఠకులు ఒకసారి చూడాలి. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ప్రతి ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు, సరిగ్గా ఈ ఋతువులోనే జరుగుతాయి. ఆ వారంలో ఇంటిల్లిపాదీ వెళ్లి సభ్యులుగా చేరి, తోటపని మీద ఒక పుస్తకం, పిల్లలకు ఒక కథల పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలి.